పెట్రి పళ్లెంలో వలయం, పొట్లంలో పులిహోర: ఒక విమర్శ

ఎర్రగుంట్ల జంక్షన్‌లో రైలెక్కే కుటుంబం దగ్గర పులిహోర పొట్లం ఉండటం మామూలే. అది త్వరగా పాడవదేమని అడిగితే "పసుపు వేశాం కదా" అనే జవాబు వస్తుంది. కడప జిల్లాలో పండే పసుపుకు ఈ ఘనత ఇచ్చే ముందు, మొక్కల రసాయనాలపై వచ్చే పరిశోధనా పత్రాలను ఎలా చదవాలో చూద్దాం.

వీటిలో తరచు కనిపించే వాదన ఇది: బాక్టీరియా పూసిన అగార్‌పై మొక్క సారంలో తడిపిన కాగితపు బిళ్ల ఉంచగా, దాని చుట్టూ నిరోధక వలయం ఏర్పడింది, కనుక ఆ సారం ఆహారాన్ని కాపాడుతుంది. మొదటి మాట పరిశీలన. రెండవదానికి ఇంకా రుజువు కావాలి.

వలయం వెడల్పు పదార్థపు శక్తిపైనే కాక, అది అగార్‌లో ఎంత దూరం వ్యాపిస్తుందనే దానిపైనా ఆధారపడుతుంది. పసుపులోని కుర్క్యుమిన్ నీటిలో దాదాపు కరగదు. కాబట్టి వలయంతో సరిపెట్టుకోక, కనిష్ఠ నిరోధక గాఢత ఎంతో చూడండి. మి.లీ.కు 1 మి.గ్రా. మించిన సారంతో, 0.1 మి.గ్రా. మించిన శుద్ధ సమ్మేళనంతో ప్రయోగాలు మానాలని ఔషధ మొక్కల విషయంలో రియోస్, రెసియో 2005లో సూచించారు.

ఏ బాక్టీరియాపై పరీక్షించారన్నదీ ముఖ్యమే. సాల్మొనెల్లా వంటి గ్రామ్ రుణాత్మక బాక్టీరియాకు వెలుపలి పొర అదనపు రక్షణ. పైగా ఆహారంలోని కొవ్వులు, ప్రోటీన్లు మొక్కల సమ్మేళనాలను పట్టి ఉంచి, వాటి ప్రభావాన్ని తగ్గిస్తాయి.

ఇప్పుడు అన్నం సంగతి. బాసిల్లస్ సీరియస్ సిద్ధబీజాలు ఉడికించినా బతుకుతాయి. అన్నం గంటల తరబడి బయట ఉంటే మొలకెత్తి పెరుగుతాయి. కొన్ని రకాలు విడుదల చేసే వాంతి కలిగించే విషం మళ్లీ వేడి చేసినా నశించదు. పులిహోరలో వీటి పెరుగుదలను అడ్డుకునే ప్రధాన శక్తి చింతపండు ఆమ్లత. పసుపునే నమ్మి, పులుపు లేని పసుపు అన్నాన్ని మే నెల ఎండలో పొట్లం కడితే ప్రమాదం మనదే.

మొక్కల రసాయనాలన్నీ వ్యర్థమని దీని అర్థం కాదు. వాములోని థైమాల్, లవంగంలోని యూజెనాల్ బాక్టీరియా కణత్వచాన్ని దెబ్బతీస్తాయి. అయితే ఆహారంలో పనిచేసేంత మోతాదు వేస్తే ఘాటు భరించలేం.

ఆలోచించండి: ఉత్త అన్నం, పసుపు కలిపినది, చింతపండు కలిపినది, రెండూ కలిపినది, ఈ నాలుగు నమూనాల్లో బాక్టీరియాను లెక్కించకుండా పసుపుకు ఘనత ఇవ్వగలమా? మీరు చదివే తదుపరి పత్రంలో ఇలాంటి నియంత్రణ నమూనాలు ఉన్నాయేమో మొదట వెతకండి.