దారి చూపితే చాలునా? : అమెరికా కమ్యూనిటీ కళాశాల విద్యార్థిపై వెలువడిన ఒక గ్రంథం – విమర్శనాత్మక పరిశీలన

వ్యాససంగ్రహం:
అమెరికాలోని కమ్యూనిటీ కళాశాలల్లో చేరినవారిలో అధికులు చదువు పూర్తిచేయలేకపోతున్నారు. లోపం విద్యార్థిలో ఉన్నదా, కళాశాల నిర్మాణంలో ఉన్నదా అన్న ప్రశ్నకు థామస్ బెయిలీ, షానా స్మిత్ జాగర్స్, డేవిస్ జెంకిన్స్ కలిసి రచించిన ‘రీడిజైనింగ్ అమెరికాస్ కమ్యూనిటీ కాలేజెస్’ (2015) స్పష్టమైన సమాధానం చెప్పింది. ఆ సమాధానంలోని బలాన్ని, అది తగినంత పట్టించుకోని అంశాన్ని ఈ వ్యాసం పరిశీలిస్తుంది.

కీలకపదాలు: కమ్యూనిటీ కళాశాల, మార్గనిర్దేశిత పథాలు, పూర్వసన్నాహక కోర్సులు, విద్యార్థి సహాయం, అసాప్.

ఉపోద్ఘాతం:
1901లో ఇల్లినాయిస్ రాష్ట్రంలోని జోలియెట్‌లో ఏర్పడిన జూనియర్ కళాశాలతో అమెరికాలో రెండేళ్ల ప్రభుత్వ కళాశాలల చరిత్ర మొదలవుతుంది. 1947లో వెలువడిన ట్రూమన్ కమిషన్ నివేదిక ‘కమ్యూనిటీ కళాశాల’ అన్న పేరుకు ప్రాచుర్యం కల్పించింది. తక్కువ రుసుము, ఇంటికి దగ్గర, వచ్చినవారిని కాదనని ప్రవేశ విధానం ఈ సంస్థల లక్షణాలు. మన దేశంలో పన్నెండవ పంచవర్ష ప్రణాళిక కాలంలో యూజీసీ ఇదే పేరుతో ప్రారంభించిన పథకం ప్రధానంగా నైపుణ్య శిక్షణకు ఉద్దేశించినది. పేరును చూసి రెండింటినీ ఒకటిగా భావించరాదు. స్వభావంలో అమెరికా కమ్యూనిటీ కళాశాలకు మన చిన్న పట్టణాల్లోని ప్రభుత్వ డిగ్రీ కళాశాలే ఎక్కువ దగ్గర. తమ ఇంట మొదటిసారి కళాశాల గడప తొక్కినవారు, ఏదో ఒక పని చేసుకుంటూ చదివేవారు, రోజూ ప్రయాణించి వచ్చేవారు రెండు చోట్లా కనిపిస్తారు. తెలుగు పరిశోధకులు ఈ గ్రంథాన్ని పట్టించుకోవడానికి ఆ పోలికే కారణం.

లోపం ఎవరిది?
ఈ గ్రంథానికి ముందున్న చర్చను స్థూలంగానైనా గుర్తుచేసుకోవాలి. 1960లో బర్టన్ క్లార్క్ శాన్ హోసే జూనియర్ కళాశాలను అధ్యయనం చేసి, నాలుగేళ్ల డిగ్రీ ఆశతో వచ్చిన విద్యార్థిని ఆ సంస్థ చిన్న లక్ష్యానికి ఎలా ఒప్పిస్తుందో వివరించాడు. ప్రవేశపూర్వ పరీక్ష, కౌన్సెలర్‌తో సమావేశాలు, మార్కులు తగ్గితే హెచ్చరిక – ఇలా దశలవారీగా ఆశ చల్లారుతుంది. ఎవరూ ‘నీవు పనికిరావు’ అని అనరు. విద్యార్థి తనకు తానే ఆ నిర్ణయానికి వచ్చినట్లు భావిస్తాడు. క్లార్క్ దీనిని సంస్థ నిర్వహించే విధిగా వర్ణించాడే తప్ప నేరంగా ఆరోపించలేదు. ఆ తటస్థత నేడు చదివేవారికి కొంత ఇబ్బంది కలిగిస్తుంది.

1975లో విన్సెంట్ టింటో ప్రతిపాదించిన సిద్ధాంతం వేరొక దిశలో సాగింది. కళాశాల విద్యాజీవితంలోను, సామాజిక జీవితంలోను విద్యార్థి ఎంతగా ఇమిడిపోతే అంతగా నిలుస్తాడని ఆయన భావన. వసతిగృహాల్లో ఉండి చదివేవారికి ఇది సరిపోవచ్చు. తరగతి ముగియగానే దుకాణంలో పనికో, బిడ్డను తెచ్చుకోవడానికో పరుగెత్తే విద్యార్థికి ఇమిడిపోయే వ్యవధి ఎక్కడిది? టింటో స్వయంగా తర్వాతి రచనల్లో తరగతి గదికి ప్రాధాన్యం పెంచాడు. అయినప్పటికీ, నిలవలేనివాడు ‘ఇమడలేనివాడు’ అన్న ధ్వని ఆ పరిభాషలో మిగిలే ఉన్నది.

గ్రంథం చేసిన మేలు:
కొలంబియా విశ్వవిద్యాలయపు టీచర్స్ కాలేజీలోని కమ్యూనిటీ కళాశాలల పరిశోధన కేంద్రానికి చెందిన ఈ ముగ్గురు రచయితలు ప్రశ్నను తిరగవేశారు. కళాశాల వందల కోర్సులను పరచి, కావలసినవి ఏరుకొమ్మని విద్యార్థిని వదిలివేస్తున్నదని, దీనిని ‘కెఫెటేరియా’ నమూనా అని వారు పేర్కొన్నారు. మన వాడుకలో చెప్పాలంటే ఇది బఫే భోజనం. ఏది ఎక్కడ ఉన్నదో, ఏది దేనితో కలుపుకోవాలో ముందే తెలిసినవారికి అది స్వేచ్ఛ. తెలియనివారు పళ్లెం పట్టుకొని నిలబడిపోతారు. బంతి భోజనంలో వడ్డించేవాడు వరుసలోని ప్రతివాని దగ్గరకూ వచ్చి అడుగుతాడు. కొసరి వడ్డిస్తాడు. అడగనివానికి కూడా అందడమే అక్కడి మర్యాద. రచయితలు ప్రతిపాదించిన మార్గనిర్దేశిత పథాల సారాంశం ఇంచుమించు ఇదే. ఏ పట్టాకు ఏ సెమిస్టర్‌లో ఏ కోర్సులో ముందే నిర్ణయించి, అడ్వైజర్ తానే విద్యార్థిని గమనిస్తూ ఉండాలి.

పూర్వసన్నాహక కోర్సులపై వారి విమర్శ గ్రంథంలో అత్యంత బలమైన భాగమని నా అభిప్రాయం. ప్రవేశంలో పెట్టే ఒక చిన్న పరీక్ష ఆధారంగా, క్రెడిట్ లభించని గణిత, ఆంగ్ల తరగతులకు విద్యార్థిని పంపడం దశాబ్దాలుగా సాగింది. రుసుము చెల్లించాలి, కాలం వెచ్చించాలి, పట్టాకు మాత్రం అది లెక్కలోకి రాదు. జుడిత్ స్కాట్-క్లేటన్ బృందం 2014లో ప్రచురించిన అధ్యయనం గణితంలో సుమారు నలుగురిలో ఒకరు, ఆంగ్లంలో ముగ్గురిలో ఒకరు తీవ్రంగా తప్పుడు స్థాయిలో పడుతున్నారని తేల్చింది. అటువంటివారిలో సరాసరి కళాశాల కోర్సు చదవగలిగి ఉండి కూడా వెనుకకు నెట్టబడినవారు ఎక్కువ. క్లార్క్ వర్ణించిన చల్లార్చే ప్రక్రియలో మొదటి మెట్టు ఈ పరీక్షే. 2017లో కాలిఫోర్నియా చేసిన ఏబీ 705 చట్టం ఉన్నత పాఠశాల మార్కులకు ప్రాధాన్యం ఇవ్వాలని కళాశాలలను ఆదేశించడం ఈ పరిశోధనల ఫలితమే.

గ్రంథం తక్కువగా తాకిన చోటు:
రచయితల దృష్టిలో విద్యార్థి ప్రధాన సమస్య అయోమయం. దారి తెలియక తప్పిపోతున్నాడు, కనుక దారిని స్పష్టం చేయాలి. దారి తెలిసి కూడా నడవలేనివారి సంగతి ఏమిటి? మరుసటి సంవత్సరం వెలువడిన సారా గోల్డ్‌రిక్-రాబ్ గ్రంథం ‘పేయింగ్ ది ప్రైస్’ పక్కన పెట్టి చదివితే ఈ వెలితి స్పష్టమవుతుంది. 2008లో విస్కాన్సిన్ ప్రభుత్వ కళాశాలల్లో చేరిన మూడు వేలమంది పేద విద్యార్థులను ఆమె బృందం ఏళ్లతరబడి అనుసరించింది. ప్రభుత్వ ఆర్థిక సహాయం అందుతున్నప్పటికీ వారిలో సగంమంది పట్టా లేకుండానే వెనుదిరిగారు. అద్దె, తిండి, ప్రయాణం, ఇంటికి పంపవలసిన డబ్బు – వీటిలో ఏ ఒక్కటీ కోర్సుల పటంలో కనిపించదు.

నిర్మాణాన్ని మార్చితే ఫలితం మారుతుందనడానికి తరచుగా చూపే ఉదాహరణ న్యూయార్క్ నగర విశ్వవిద్యాలయం 2007లో ప్రారంభించిన ‘అసాప్’ కార్యక్రమం. ఎండీఆర్‌సీ సంస్థ 896 మందిని లాటరీ పద్ధతిన రెండు వర్గాలుగా విభజించి పరీక్షించింది. మూడేళ్లలో పట్టా పొందినవారు అసాప్ వర్గంలో 40 శాతం, మామూలు వర్గంలో 22 శాతం. విద్యారంగ ప్రయోగాల్లో ఇంతటి వ్యత్యాసం అరుదు. ఈ ఫలితాన్ని దారి చూపడానికి లభించిన విజయంగా మాత్రమే చదవడం పొరపాటు. అసాప్‌లో ఒక్కొక్క అడ్వైజర్‌కు 60 నుండి 80 మంది విద్యార్థులే ఉన్నారు. మామూలు వర్గంలో ఆ సంఖ్య 600 నుండి 1500 వరకు ఉన్నది. పాఠ్యపుస్తకాలు ఉచితం. ఆర్థిక సహాయం పోగా మిగిలిన ఫీజు రద్దు. అన్నింటికీ మించి నెలనెలా మెట్రోకార్డ్. ఇందులో ఏ అంశం ఎంత పనిచేసిందో ఆ ప్రయోగం విడదీసి చెప్పదు, చెప్పడానికి రూపొందించినదీ కాదు. ఖర్చు మాట కూడా చెప్పాలి. తలసరి వ్యయం పెరిగినా, పట్టాలు పొందినవారి సంఖ్య పెరిగినందువల్ల ఒక్కొక్క పట్టాకు అయిన వ్యయం తగ్గింది.

ఇంకొక పరిమితి ఉన్నది. అసాప్‌లో చేరాలంటే పూర్తికాలం చదవాలి. కమ్యూనిటీ కళాశాలల్లో సగానికి పైగా విద్యార్థులు పాక్షికకాలం చదివేవారు. అంటే, ఉత్తమ ఫలితాన్ని చూపిన ప్రయోగం మొదటి అడుగులోనే అధికసంఖ్యాకులను బయట ఉంచింది. పాక్షికకాలం చదవడం వారి ఎంపిక అని కొందరు అంటారు. వారానికి ముప్పై గంటలు పనిచేసి ఇల్లు నడిపే స్త్రీ విషయంలో ‘ఎంపిక’ అన్న మాటను నేను అంగీకరించలేను.

తెలుగునేలపై ఒక పరిశోధనావకాశం:
మెట్రోకార్డ్ ప్రస్తావన మనకు అపరిచితం కాదు. రాయితీపై ఆర్టీసీ బస్ పాస్ తీసుకొని పల్లె నుండి కళాశాలకు వచ్చే విద్యార్థి మన ప్రతి తరగతిలో ఉన్నాడు. 2023 డిసెంబరులో తెలంగాణ ప్రభుత్వం మహాలక్ష్మి పథకం కింద ఆర్టీసీ బస్సుల్లో మహిళలకు ఉచిత ప్రయాణం కల్పించింది. విద్యార్థులను ఉద్దేశించినది కాకపోయినా, అసాప్‌లో విడదీయలేకపోయిన ఒక అంశాన్ని ఇది విడదీసి చూపగలదు. ప్రభుత్వ డిగ్రీ కళాశాలల్లో రోజూ బస్సులో వచ్చే విద్యార్థినులను ఆ తేదీకి ముందు, తరువాత పోల్చవచ్చు. పథకం వర్తించని విద్యార్థులు, ప్రయాణం అవసరంలేని హాస్టల్ విద్యార్థినులు తులనాత్మక వర్గాలుగా నిలుస్తారు. ఒక జాగ్రత్త అవసరం. ఉపకారవేతనానికి 75 శాతం హాజరు నిబంధన ఉన్నందున, రికార్డులోని హాజరు తరగతిలోని హాజరును ప్రతిబింబిస్తుందని అధ్యాపకులెవరూ హామీ ఇవ్వలేరు. హాజరు పట్టికకన్నా, ప్రతి సెమిస్టర్‌లో పరీక్షకు నిజంగా కూర్చున్నవారి జాబితాను ఆధారంగా తీసుకోవడం మేలు.