జీవో 3 తీర్పులో ప్రతిలోమ వివక్ష వాదన: ఒక విమర్శ

షెడ్యూల్డు ప్రాంతాల పాఠశాలల్లోని ఉపాధ్యాయ పోస్టులన్నింటినీ షెడ్యూల్డు తెగల వారికే కేటాయిస్తూ ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2000 జనవరి 10న జీవో 3 జారీచేసింది. సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం 2020 ఏప్రిల్ 22న దానిని కొట్టివేసింది. అప్పటికే జరిగిన నియామకాలను మాత్రం షరతులతో కొనసాగనిచ్చింది. తీర్పు చేరిన ముగింపు కంటే, అది ప్రశ్నను రూపొందించుకున్న తీరు ఇక్కడ చర్చనీయాంశం.

తీర్పు బలాన్ని ముందుగా గుర్తించాలి. ఏజెన్సీలో నివసించే షెడ్యూల్డు కులాల వారు, ఇతర వెనుకబడిన తరగతుల వారు సైతం ఆ పోస్టులకు పోటీపడే అవకాశాన్ని జీవో పూర్తిగా తొలగించింది. 1950 జనవరి 26 నుంచి స్థిరనివాసం ఉండాలన్న నిబంధన కొందరు గిరిజనులను కూడా వెలుపల ఉంచింది. అయిదవ షెడ్యూలు గవర్నరుకిచ్చిన అధికారం ప్రాథమిక హక్కులను అధిగమించజాలదన్న నిర్ణయానికీ తగిన ఆధారముంది.

అయితే ప్రతిలోమ వివక్ష వాదన సహజంగానే ఇద్దరు అభ్యర్థులను ఎదురెదురుగా నిలబెడుతుంది: ఉద్యోగం పొందినవారు, అవకాశం కోల్పోయినవారు. జీవో ఉద్దేశించిన ప్రధాన ప్రయోజనాలలో ఒకటి ఉపాధ్యాయుల గైర్హాజరీని అరికట్టడం. అంటే ఈ వివాదంలో మూడవ పక్షం ఉంది, అది విద్యార్థి. పదహారవ అధికరణం చట్రంలో ఆ విద్యార్థికి స్థానం దొరకలేదు. 1992 నాటి ఇంద్రా సాహ్నీ తీర్పు యాభై శాతం పరిమితికి మినహాయింపును ఊహిస్తూ ఉదాహరించినది మారుమూల ప్రాంతాల ప్రజలనే. ఏజెన్సీ గ్రామాలకు సైతం ఆ మినహాయింపు వర్తించనప్పుడు, అది ఎవరికి వర్తిస్తుందన్న ప్రశ్న మిగిలిపోతుంది.

లోపం ప్రభుత్వానిది కూడా. బోధనకు అవసరమైన సామర్థ్యాన్ని అది పుట్టుకతో ముడిపెట్టింది. కోయ, సవర, గోండి భాషల్లో ప్రావీణ్యాన్ని ప్రాథమిక పాఠశాల ఉపాధ్యాయునికి అర్హతగా నిర్దేశిస్తే అది రిజర్వేషన్ కాదు, ఉద్యోగ స్వభావం కోరే యోగ్యత. ఆ భాష నేర్చిన ఎవరికైనా ద్వారం తెరిచే ఉంటుంది. తెలుగే మాతృభాషగా గల గిరిజన సమూహాల విషయంలో ఈ మార్గం చాలదు. అక్కడ ప్రత్యేక కోటా అవసరమైతే, దాని పరిమాణాన్ని ప్రభుత్వం గణాంకాలతో నిరూపించవలసి ఉంటుంది.

కోటా వంద శాతమా, యాభై శాతమా అన్న వాదం అభ్యర్థుల మధ్య న్యాయాన్ని కొలవగలదు. ఏజెన్సీ బడిలోని బిడ్డకు దక్కిన న్యాయాన్ని కొలవడానికి ఆ కొలమానం సరిపోదు.