బిస్కేన్ ఆగే తీరు

1966లో షెవర్లే పెద్ద కార్లలో అన్నిటికన్నా చవకైనది బిస్కేన్. పోలీసు శాఖలు, ట్యాక్సీ యజమానులు, సిబ్బందికి టోకున కార్లు కొనిచ్చే కంపెనీలు కొనే బండి అది. క్రోము మెరుపులు తక్కువ, సీట్లు సాదా, ఇనుప చక్రానికి మధ్యలో ఒక చిన్న మూత. అయితే అడిగి మరీ ఆర్డరిచ్చిన వాళ్లకు ఇదే బండిలో 427 క్యూబిక్ అంగుళాల, అంటే ఏడు లీటర్ల ఇంజను పెట్టి ఇచ్చేవారు. దాని సత్తువ 425 హార్స్‌పవర్. చూపులకు ఏమీ తెలియనట్టుండి, పరుగులో స్పోర్ట్స్ కార్లను వెనక్కి నెట్టే ఇలాంటి బండ్లనే అమెరికావాళ్లు స్లీపర్ అంటారు. వాటి ఇంజన్ల గురించి కావలసినంత రాశారు. వాటిని ఆపడం గురించి రాసింది తక్కువ. ఒహాయోలో ఒక పెద్దాయన తన షెడ్డులో అలాంటి బిస్కేన్‌కు చేసిన బ్రేకు పనిని దగ్గరగా చూశాను. నేను చూసిన చేతిపనుల్లో అంత ఆలోచన ఇమిడినవి అరుదు.

ముందు బరువు సంగతి. పదిహేడున్నర అడుగులు దాటిన పొడవు, దాదాపు 1,800 కిలోల బరువు. గంటకు వంద కిలోమీటర్ల వేగంలో ఈ కారును నిలబెడితే సుమారు ఏడు లక్షల జౌళ్ల శక్తి వేడిగా మారుతుంది. రెండు లీటర్ల చన్నీళ్లను పొయ్యి మీద తెర్లించేంత వేడి అది. నాలుగు చక్రాలూ కలిసి దాన్ని కొన్ని సెకన్లలో మింగాలి. వేగం 140కి పెరిగితే ఆ వేడి రెట్టింపవుతుంది. కారు ఫ్యాక్టరీ నుంచి వచ్చింది మాత్రం నాలుగు చక్రాలకూ 11 అంగుళాల డ్రమ్ములతో. ఇబ్బంది కంపెనీకీ తెలుసు. అందుకే అదనపు డబ్బు కట్టినవాళ్లకు లోహపు పొడిని కాల్చి గట్టిపరిచిన లైనర్లు అమ్మింది.

డ్రమ్ము బ్రేకును పాతసామానుగా తీసిపారేయడం నాకు నచ్చదు. అందులో గొప్ప తెలివి ఉంది. తిరుగుతున్న డ్రమ్ముకు లోపలి నుంచి లైనరు తొడిగిన ముందు షూ ఆనగానే డ్రమ్మే దాన్ని తనతో లాక్కుపోతుంది. ఆ షూ కిందనున్న అడ్జస్టరు ద్వారా వెనక షూను నెడుతుంది. అంటే కారు తన పరుగుతోనే తన బ్రేకును బిగించుకుంటుంది. కాలి బలాన్ని పెంచే బూస్టర్ లేని రోజుల్లో మామూలు మనిషి కాలు ఇంత బండిని ఆపగలిగిందంటే కారణం అదే. చిక్కు కూడా అక్కడే ఉంది. లైనరు వేడెక్కి పట్టు కొంచెం తగ్గితే ఈ గుణకారం మొత్తం తగ్గిపోతుంది. పట్టు పిసరంత పడిపోయినా ఆగే బలం ఎక్కువగా పడిపోతుంది. పైగా డ్రమ్ము వేడికి వ్యాకోచించి షూకు దూరం జరుగుతుంది కాబట్టి పెడల్ లోతుకు దిగుతుంది. అంబాసిడర్‌ను ఘాట్ రోడ్లలో నడిపిన మన పాత డ్రైవర్లు బ్రేకును రెండు మూడుసార్లు గబగబా తొక్కి పెడల్‌ను పైకి తెచ్చుకునేవారు. ఆ కాళ్లకు ఈ సంగతి కొత్త కాదు.

డిస్కు బ్రేకుకు ఈ గుణకారం లేదు. ఎంత నొక్కితే అంతే పడుతుంది, వేడిలోనూ తడిలోనూ పెద్దగా మాట తప్పదు. కానీ ఎక్కువ నొక్కాలి. పెద్దాయన పనిలో నన్ను కట్టిపడేసింది ఇక్కడి నుంచి మొదలయ్యే లెక్కల గొలుసు. ముందు చక్రాలకు డిస్కులు పెడితే బూస్టర్ కావాలి. మామూలు బూస్టర్ ఇంజను పీల్చే శూన్యం మీద పనిచేస్తుంది. దానికి పాదరసమానంలో 16 నుంచి 18 అంగుళాల శూన్యం ఉంటే హాయి. ఈ ఇంజనులో వేసిన ఉగ్రమైన క్యామ్ వల్ల నిలకడ మీద వచ్చేది పది అంగుళాలు. అంత తక్కువలో బూస్టర్ సగం నిద్రలోనే ఉంటుంది. అందుకని ఆయన హైడ్రో బూస్టర్ ఎంచుకున్నారు. పవర్ స్టీరింగ్ పంపు తోసే ఆయిల్‌తో పనిచేసే సాధనం అది. ఇంజను ఆగిపోయినా ఒకటి రెండుసార్లు బ్రేకు వేయడానికి సరిపడా ఒత్తిడిని తనలో దాచుకుంటుంది.

బూస్టర్ వచ్చింది కనుక పెడల్ లెక్క మారాలి. ఆనాటి చాలా షెవర్లే పెడళ్లకు రెండు రంధ్రాలుంటాయి. ఇరుసుకు దగ్గరగా ఉన్న పైది బూస్టర్ లేని బండికి, కిందిది ఉన్న బండికి. మొదటిది కాలి బలాన్ని దాదాపు ఆరింతలు చేస్తుంది, రెండోది నాలుగింతలు. రాడ్డును పై రంధ్రంలోనే వదిలేస్తే బ్రేకు ముట్టుకోగానే పట్టేస్తుంది, పెడల్ మాత్రం చాలా దూరం పోతుంది. ఆయన కిందికి మార్చారు. తర్వాత పెడల్ తోపుతో పైపుల్లోకి ఆయిల్‌ను నెట్టే మాస్టర్ సిలిండర్. 1966 కారుకు ఉండేది ఒకే గది. ఏ పైపు ఎక్కడ పగిలినా నాలుగు చక్రాల బ్రేకులూ ఒకేసారి పోతాయి. ఆ మరుసటి ఏడు నుంచి షెవర్లే కార్లలో ముందుకొకటి, వెనక్కొకటిగా రెండు గదులు వచ్చాయి. ఆయన వేసింది అలాంటిదే, బోరు, అంటే లోపలి వ్యాసం, అంగుళం మీద ఎనిమిదో వంతు. అంగుళం బోరుతో పోలిస్తే ఇది నాలుగో వంతుకు మించి ఎక్కువ ఆయిల్‌ను తోస్తుంది. డిస్కులను పట్టే ముందు కాలిపర్ల పెద్ద పిస్టన్లకు అంత ఆయిల్ కావాలి. అంతే బలంతో తొక్కితే వచ్చే ఒత్తిడి మాత్రం ఆ మేరకు తగ్గుతుంది. ఆ తరుగును బూస్టర్ పూడుస్తుంది. ఏ అంకె కూడా ఒంటరిగా నిలబడదు.

వెనక డ్రమ్ముల్ని ఉంచేశారు. గట్టిగా బ్రేకు వేస్తే బరువు ముందుకు వాలుతుంది, వెనక చక్రాలు తేలికై ముందుగా పట్టేసుకుంటాయి, కారు గిర్రున తిరుగుతుంది. దీనికి చాలామంది వెనక పైపులో తిప్పుడు వాల్వు ఒకటి పెట్టి ఒత్తిడి తగ్గిస్తారు. ఆయన ముందుగా వెనక వీల్ సిలిండర్లను అంగుళం బోరు నుంచి 7/8కి తగ్గించారు. పైపులో ఒత్తిడి అంతే ఉన్నా షూల మీద తోపు నాలుగో వంతు దాకా తగ్గింది. బయటికేమీ కనిపించదు. మిగిలిన కొద్దిపాటి సర్దుబాటుకే వాల్వు. తడిసిన ఖాళీ మైదానంలో ముందు చక్రాలు వెనకవాటికన్నా ఒక్క క్షణం ముందు జారేలా దాన్ని కొద్దికొద్దిగా తిప్పుతూ నిలిపారు.

పైపుల గురించి ఒక మాట చెప్పకుండా ఉండలేను. ప్రతి పైపు కొసనూ రెండు మడతలుగా లోపలికి విరిచి, నట్టులో కూర్చోబెట్టారు. ఒకే మడత వేస్తే పని త్వరగా అవుతుంది, కానీ బిగింపుకూ అదురుకూ అది చీలిపోగలదు. మాస్టర్ సిలిండర్ దగ్గర పైపును రెండు చుట్లు చుట్టి ఆ అదురుకు చోటిచ్చారు. ఫ్రేము వెంట పోయే పైపు ఎక్కడా లోహానికి రాసుకోదు. కారు కిందకు దూరి చూసేవాళ్లు తప్ప ఈ పని ఎవరి కంటా పడదు.

అన్నీ కుదిరాక కారు పేచీ పెట్టింది. పదిమైళ్లు పోయేసరికి ముందు బ్రేకులు వాటంతటవే పట్టుకోసాగాయి. ఆయన అసలు పనితనం నాకు కనిపించింది అప్పుడే. కాలిపర్లు విప్పలేదు, కొత్త సామాను తేలేదు. రెండు చక్రాలూ ఒకేలా పట్టాయి కాబట్టి జబ్బు ఒక చక్రానిది కాదని ముందే తేల్చుకున్నారు. బ్రేకు పట్టి ఉండగానే ఒక కాలిపర్‌కు గాలి తీసే నిపుల్ సడలించారు. ఆయిల్ చిమ్మి చక్రం వదిలింది. అంటే పిస్టన్ తుప్పుపట్టి ఇరుక్కోలేదు, పైపులో ఒత్తిడి చిక్కుకుంది. మళ్లీ పట్టేదాకా నడిపి, ఈసారి మాస్టర్ సిలిండర్ దగ్గరి పైపు నట్టు సడలించారు. చక్రాలు వదిలాయి. లోపల వాచిపోయి ఆయిల్‌ను వెనక్కి రానివ్వని రబ్బరు గొట్టం అయి ఉంటే ఇక్కడ వదిలేవి కావు. మూడోసారి పైపుల జోలికి పోకుండా, మాస్టర్ సిలిండర్‌ను బూస్టర్‌కు బిగించిన నట్లను వదులు చేశారు. సిలిండర్ వెంట్రుకవాసి ముందుకు జరగగానే చక్రాలు స్వేచ్ఛగా తిరిగాయి. మూలం దొరికింది. బూస్టర్ నుంచి వచ్చే రాడ్డు కాస్త పొడుగైంది.

ఆ కాస్తతో ఏమవుతుందంటే, మాస్టర్ సిలిండర్‌లో మిల్లీమీటరు కూడా లేని ఒక రంధ్రం ఉంటుంది. కాలు తీయగానే పిస్టన్ పూర్తిగా వెనక్కి వెళ్తే ఆ రంధ్రం తెరుచుకుని, వేడికి ఉబ్బిన ఆయిల్ పై గదిలోకి పోతుంది. రాడ్డు పిస్టన్‌ను రవ్వంత ముందే ఆపేస్తే రంధ్రం మూసే ఉంటుంది. ఉబ్బిన ఆయిల్‌కు దారి లేక ప్యాడ్లను నొక్కుతుంది. ప్యాడ్లు రాసుకుని ఇంకా వేడెక్కుతాయి, ఆయిల్ ఇంకా ఉబ్బుతుంది. ఆయన పిస్టన్ గుంటలో చిటికెడు మెత్తటి బంకమట్టి పెట్టి, సిలిండర్‌ను బిగించి, విప్పి, నలిగిన మట్టి మందం కొలిచారు. అర మిల్లీమీటరు సందు మిగిలేలా రాడ్డును తగ్గించారు. కొత్త కాలిపర్లు కొనిపించే మెకానిక్కుకూ ఈయనకూ మధ్యనున్న దూరం ఆ మట్టి మందమంతే అనిపించింది నాకు.

పెడల్ స్పాంజిలా మెత్తగా ఉందని వచ్చే ఫిర్యాదుల్లోనూ ఆయన చూపు ఇలాగే పోతుంది. ఎన్నిసార్లు ఎయిర్ తీసినా పోకపోతే ముందు కాలిపర్ల నిపుళ్లు పైకి ఉన్నాయో లేదో చూస్తారు. కుడిదీ ఎడమదీ తారుమారైతే నిపుల్ కిందికి వస్తుంది, పైన చేరిన గాలి ఎప్పటికీ బయటికి రాదు. హైడ్రో బూస్టర్ పరీక్ష ఇంకా చిన్నది. ఇంజను ఆపి, దాచుకున్న ఒత్తిడి అయిపోయేదాకా తొక్కి, పెడల్ మీద కాలు ఉంచే స్టార్టు చేయాలి. పెడల్ కాస్త దిగి, మళ్లీ కాలిని పైకి నెడితే బూస్టర్ బాగున్నట్టే.

చివరికి 15 అంగుళాల సాదా ఇనుప చక్రాలు, వాటికి పాత చిన్న మూతలు ఎక్కించారు. వాటి వెనక డిస్కులున్నాయని వంగి చూస్తే గానీ తెలియదు. డ్యాష్‌బోర్డు అర మూతకు లోపలివైపు ఒక కాగితం అంటించారు. ఏ సిలిండర్ బోరు ఎంత, వాల్వు ఎన్ని చుట్ల దగ్గర ఉంది, రాడ్డు సందు ఎంత, పెడల్ ఏ రంధ్రంలో ఉంది, అన్నీ పెన్సిలుతో రాసి ఉన్నాయి, రేపు ఈ బండి ఎవరి చేతికి వెళ్లినా వాళ్లు మళ్లీ మొదటి నుంచి వెతుక్కోకుండా. అడుగున బ్రేకు ఆయిల్ రకం డాట్ 4 అనీ, రెండేళ్లకోసారి మొత్తం మార్చాలనీ ఉంది. ఆ ఆయిల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది. కొత్తగా 230 డిగ్రీల దాకా మరగకూడని ఆయిల్‌కు, నీరు పట్టాక ఉండాల్సిన హద్దు 155 డిగ్రీలే.