రెండు తీగల మాట వినే పెట్టె

విశాఖ ద్వారకా నగర్‌లో ఆర్టీసీ కాంప్లెక్స్‌కి నాలుగడుగుల దూరంలో ఒక లాడ్జి. రిసెప్షన్ బల్ల మీద రంగు వెలిసిన బటన్ల ఫోను. గదుల్లోనూ అలాంటివే. ఒక సాయంత్రం నేనక్కడ కూర్చుని ఉండగా ఎవరో బయటినుంచి ఫోన్ చేసి, పై అంతస్తులో దిగిన వాళ్ల నాన్నగారితో మాట్లాడాలన్నారు. కౌంటర్‌లో అమ్మాయి "ఒక్క నిమిషం లైన్లో ఉండండి సార్" అని ఫ్లాష్ బటన్ నొక్కింది. గది నంబరు కొట్టింది. "సార్, మీ అబ్బాయిగారు లైన్లో ఉన్నారండీ" అని చెప్పి రిసీవర్ పెట్టేసింది. ఇక్కడ ఫోను పెట్టేసినా, పైన తండ్రీకొడుకుల మాటలు మొదలయ్యాయి.

ఆ ఫోనుకి కాల్ కలపడం తెలియదు. దానిలో ఉన్నవి మైకు, స్పీకరు, గంట, హుక్ స్విచ్చి, అంకెల మీటలు. అంతే. కలిపింది మెట్ల కింద అలమరలో ఉన్న వాయిస్ గేట్‌వే. ఆ పెట్టెకి ఒక పక్క నెట్‌వర్క్ కేబులు, రెండో పక్క గదులనుంచి దిగివచ్చిన రాగి తీగల జతలు. ఫైబర్ కనెక్షన్ తీసుకున్న ఇళ్లలో దీని చిట్టి చెల్లెలు ఉంటుంది: ఇంటర్నెట్ పెట్టె వెనక పాత ల్యాండ్‌లైన్ ఫోను గుచ్చుకునే చిన్న రంధ్రం. ఈ పనితనాన్ని దగ్గరగా చూడాలని నాకు చాలాకాలంగా కోరిక.

ముందు మర్యాద చూడండి. పాత ఫోను ఎక్స్ఛేంజీ నుంచి ఏమేం పొందేదో గేట్‌వే అవన్నీ తానే సమకూరుస్తుంది. ఫోను పెట్టి ఉన్నంతసేపూ తీగల మీద దాదాపు 48 వోల్టులు నిలిపి ఉంచుతుంది. రిసీవర్ ఎత్తగానే వలయం మూసుకుని, సుమారు 20 మిల్లీ ఆంపియర్ల కరెంటు పారుతుంది. పెట్టె దాన్ని పసిగట్టి డయల్ టోన్ వినిపిస్తుంది. కాల్ వస్తే గంట మోగడానికి సెకనుకు 25 సార్లు అటూ ఇటూ ఊగే పెద్ద వోల్టేజీ పంపుతుంది. ఆ మోగడంలోనూ మన అలవాటే: 0.4 సెకను మోత, 0.2 సెకను ఆపు, మళ్లీ 0.4 సెకను మోత, తర్వాత రెండు సెకన్ల మౌనం. మనం "ట్రింగ్ ట్రింగ్" అని రెండుసార్లు పలికేది అందుకే. అమర్చేటప్పుడు దేశం పేరు సరిగ్గా ఎంచుకుంటే చాలు, పెట్టె మనకు తెలిసిన లయలోనే పిలుస్తుంది.

అసలు నేర్పు ఫ్లాష్ దగ్గర కనిపిస్తుంది. మాటలూ స్వరాలూ కాక ఫోను తన తీగల మీద చేయగల సైగ ఒక్కటే: వలయాన్ని తెంపడం, మళ్లీ కలపడం. గేట్‌వే ఆ తెంపు ఎంతసేపు సాగిందో కొలుస్తుంది. చక్రం తిప్పే పాత ఫోన్లలో అంకెలు సెకనుకు పది తెంపులుగా వస్తాయి, ఒక్కోటి 60 మిల్లీ సెకన్ల పైచిలుకు. అంతకంటే పొడవుగా, అయినా సెకనులోపు కలిసిపోతే అది ఫ్లాష్. ఇంకా సాగితే ఫోను పెట్టేసినట్టు. ఒకే సైగకి మూడు అర్థాలు, నిడివిని బట్టి. కంటిరెప్ప పాటులో తేల్చుకోవాల్సిన సంగతి ఇది.

ఈ హద్దులు ఎంత సున్నితమో నేను ఒక ఆఫీసులో చూశాను. ఎవరికి కాల్ కలపబోయినా తెగిపోయేది. అంతా ఫోన్లనే తిట్టుకున్నారు. అక్కడి ఫోన్ల ఫ్లాష్ బటన్ తీగని 600 మిల్లీ సెకన్లు తెంపుతుంటే, గేట్‌వేలో పై హద్దు 500 దగ్గర పెట్టి ఉంది. పిలుపు కలపమన్న సైగ వీడ్కోలుగా వినబడింది. టెక్నీషియన్ ఆ ఒక్క అంకె మార్చాడు. పదిహేను ఫోన్లు ఒక్కసారిగా మంచివైపోయాయి.

ఈ ఒక్క సైగ మీదే ఎన్ని సదుపాయాలు నిలిచాయో! మాటల మధ్య రెండో కాల్ వస్తే చెవిలో మెల్లగా బీప్. ఫ్లాష్ నొక్కితే మొదటివారు ఆగుతారు, రెండోవారు పలుకుతారు. మూడో మనిషికి ఫోన్ చేసి మళ్లీ నొక్కితే ముగ్గురూ ఒకే సంభాషణలో. ఫ్లాష్ అక్కర్లేకుండానే, నక్షత్రం మీటతో మొదలయ్యే కోడ్ కొడితే కాల్స్ అన్నీ ఇంకో నంబరుకి మళ్లుతాయి, పక్క గదిలో మోగుతున్న ఫోనుని ఇక్కణ్నుంచే ఎత్తవచ్చు. చాలా వ్యవస్థల్లో గేట్‌వే "ఫలానా పోర్టులో ఫ్లాష్ వచ్చింది" అని కబురు మాత్రం పంపుతుంది, ఏం చేయాలో ఎక్కడో ఉన్న కాల్ సర్వర్ చెబుతుంది. పని పంచుకోవడంలోని ఈ పొందిక నాకు బాగా నచ్చుతుంది.

అంకెలు వినడంలో మరో చక్కదనం. నంబరు పూర్తయిందని గేట్‌వేకి ఎలా తెలుసు? దాని దగ్గర డిజిట్ మ్యాప్ అనే నమూనాల పట్టీ ఉంటుంది. విశాఖలో 2తో మొదలైతే లోకల్ నంబరు, ఏడంకెలకి ముగుస్తుంది. 0తో మొదలైతే, 0891 లాంటి ఎస్టీడీ కోడ్ కానీ మొబైల్ కానీ, మొత్తం పదకొండు. 1 దగ్గర జాగ్రత్తపడాలి. 100, 108, 112 మూడంకెలకే ఆగుతాయి, 1800 ఆగదు. 2021 జనవరి 15 నుంచి ల్యాండ్‌లైన్ నుంచి మొబైల్‌కి ముందు సున్నా కొట్టాలన్న నియమం వచ్చినప్పుడు ఫోన్లెవరూ మార్చుకోలేదు. ఇలాంటి మార్పులు పట్టీలోనే సర్దుకుంటాయి.

బ్యాంకుకి ఫోన్ చేసి 5 నొక్కినప్పుడు 770, 1336 హెర్ట్‌జ్ స్వరాలు రెండూ కలిసి పలుకుతాయి. మనిషి గొంతు కోసం తయారైన కుదింపు పద్ధతులు అలాంటి స్వరాలను చెరిపేయవచ్చు. అందుకని గేట్‌వే అంకెను పట్టుకుని, "5, ఇంతసేపు" అని చీటీ రాసినట్టు విడిగా పంపుతుంది. అవతలి గేట్‌వే ఆ చీటీ చదివి స్వరాన్ని కొత్తగా పలికిస్తుంది.

ఒక బాధ్యత మాత్రం మన చేతిలో ఉంది. పాత ల్యాండ్‌లైన్‌కి కరెంటు ఎక్స్ఛేంజీ బ్యాటరీల నుంచి తీగ వెంట వచ్చేది. ఈ పెట్టెకి మన గోడ ప్లగ్గే ఆధారం. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుఫాను ఊడ్చేసిన తర్వాత ఈ ఊరు చీకట్లో గడిపిన రాత్రులు గుర్తున్నవారెవరూ గేట్‌వేని బ్యాటరీ లేకుండా వదలకూడదు.

మా అమ్మకి చూపు తగ్గింది, అంకెలు కనిపించవు. మొబైల్ అంటే భయం. పోయిన ఏడాది ఫైబర్ పెట్టెకి పాత ఫోనే తగిలించి, ఆలస్యంగా పనిచేసే హాట్‌లైన్ పెట్టించాం. అమ్మ రిసీవర్ ఎత్తి ఏ మీటా నొక్కకుండా ఐదు సెకన్లు ఆగితే నా మొబైల్ మోగుతుంది. తెంపుల నిడివిని చదివే ఆ పెట్టె, ఏమీ నొక్కకపోవడాన్ని కూడా చదువుతుంది. మధ్యాహ్నం ఆఫీసులో ఫోన్ మోగగానే నాకు తెలిసిపోతుంది: అమ్మ ఫోను ఎత్తి చెవిన పెట్టుకుంది.