లాటిన్ ధాతువులు – అర్థనిర్ణయం: వ్యుత్పత్తి పరిమితులు

కీలకపదాలు: లాటిన్ ధాతువులు, వ్యుత్పత్తి, ప్రవృత్తి, రూఢి, పారిభాషిక పదాలు

ప్రస్తావన:

ఇంగ్లీషు పదజాలాన్ని బోధించే పుస్తకాలలో లాటిన్ ధాతువుల పట్టికలకు ప్రముఖ స్థానం ఉంది. ధాతువు తెలిస్తే దాని నుండి పుట్టిన పదాల అర్థం తెలిసినట్లేనన్నది ఆ పట్టికలకు ఆధారమైన భావన. పోటీ పరీక్షల అభ్యర్థులతో పాటు అనువాదకులు, పారిభాషిక పదాలను కల్పించేవారు కూడా దీనిని ఆశ్రయిస్తుంటారు. ఈ భావన ఎంతవరకు నిలుస్తుందో సంస్కృత అలంకారశాస్త్రం చూపిన ఒక భేదం ఆధారంగా పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

ధాతువు దారి చూపే చోటు:

లాటిన్‌లో 'మనుస్' అంటే చేయి. 'స్క్రీబెరె' అంటే వ్రాయడం. ఈ రెండూ తెలిసినవారికి 'మాన్యుస్క్రిప్ట్' చేతితో వ్రాసిన ప్రతి అని సులభంగా స్ఫురిస్తుంది. స్క్రిప్ట్, ప్రిస్క్రిప్షన్ వంటి పదాల బంధుత్వమూ తెలుస్తుంది. ఇది పట్టికల వల్ల కలిగే నిజమైన ప్రయోజనం. అయితే నేడు కంప్యూటర్‌లో కూర్చి పత్రికకు పంపే ప్రతి కూడా మాన్యుస్క్రిప్టే. 'మనుస్' నుండే వచ్చిన 'మాన్యుఫాక్చర్' ఇప్పుడు ప్రధానంగా యంత్రోత్పత్తిని సూచిస్తుంది. ధాతువు మిగిలింది; అందులోని చేయి మరుగున పడింది.

ధాతువును దాటిన అర్థం:

'వ్యాక్సిన్' మరింత స్పష్టమైన ఉదాహరణ. 'వక్కా' అంటే ఆవు. 1798లో ఎడ్వర్డ్ జెన్నర్ గోమశూచిని గురించి ప్రకటించిన గ్రంథం ద్వారా ఆ విశేషణం వైద్యంలో ప్రసిద్ధి పొందింది. 1881లో లూయీ పాశ్చర్ జెన్నర్ గౌరవార్థం ఆ పేరును ఇతర వ్యాధుల నివారణకూ విస్తరింపజేశాడు. ఆనాటి నుండి ఆవుతో సంబంధం లేని మందు కూడా వ్యాక్సినే అయింది. అలాగే 'కాండిడేట్' అంటే తెల్లని వస్త్రం ధరించినవాడు. రోమ్‌లో పదవిని కోరేవారి వేషం అది. వస్త్రం పోయి, కోరిక మాత్రం మిగిలింది.

వ్యుత్పత్తి – ప్రవృత్తి:

ఈ పరిణామాన్ని వివరించే పరికరం భారతీయ శబ్దచింతనలోనే ఉంది. 'కుశల' శబ్దానికి దర్భలు కోసేవాడని వ్యుత్పత్తి చెప్పి, నేర్పరి అనే అర్థం రూఢిలక్షణ వల్ల వచ్చిందని మమ్మటుడు కావ్యప్రకాశంలో భావించాడు. సాహిత్యదర్పణంలో విశ్వనాథుడు దీనిని అంగీకరించలేదు. పదం ఏర్పడటానికి కారణం వేరు, అది వాడుకలో ప్రవర్తించడానికి కారణం వేరు అన్నది ఆయన వాదం. వ్యుత్పత్తే ముఖ్యార్థమైతే, గమనార్థక ధాతువు నుండి వచ్చిన 'గో' శబ్దాన్ని పడుకొని ఉన్న ఆవు విషయంలో వాడినప్పుడు కూడా లక్షణను చెప్పవలసి వస్తుంది. లాటిన్ పట్టికల లోపం సరిగ్గా ఇదే: అవి వ్యుత్పత్తి నిమిత్తాన్ని ప్రవృత్తి నిమిత్తంగా చూపుతున్నాయి.

తెలుగు పారిభాషిక కల్పన:

తెలుగులో స్థిరపడిన పదాలు ఈ భేదాన్ని సమర్థిస్తున్నాయి. 'టీకా'లో ఆవు లేదు; 'అభ్యర్థి'లో తెల్లని వస్త్రం లేదు, అర్థించడం ఉంది. 'ఇండిపెండెన్స్'లో దేనినీ పట్టుకొని వేలాడకపోవడమనే భావన ఉండగా, 'స్వాతంత్ర్యం' తన తంత్రం తనదేనన్న భావన నుండి వచ్చింది. మూలాలు వేరైనా ప్రవృత్తి ఒకటే కనుక ఈ పదాలు సమానార్థకాలుగా నిలిచాయి. ధాతువును ధాతువుతో అనువదించి ఉంటే ఈ పదాలు ఏర్పడేవే కావు.

ముగింపు:

ధాతుజ్ఞానం పదచరిత్రకు, జ్ఞాపకానికి తోడ్పడుతుంది; అర్థనిర్ణయానికి మాత్రం ప్రయోగమే ప్రమాణం. కనుక పారిభాషిక నిఘంటువులలో వ్యుత్పత్తిని, వర్తమాన ప్రయోగాన్ని వేర్వేరుగా నమోదు చేయడం, తెలుగు సమానార్థకాన్ని రెండవదాని ఆధారంగా ఎంచడం సమంజసం.