తాత్కాలికమను పేరు: 1966 నాటి ఒక వైద్యవ్యాసముపై విమర్శ

తల్లి గర్భములోని శిశువు ఊపిరితిత్తులు గాలితో గాక ద్రవముతో నిండియుండును. ఆ ద్రవమును ఊపిరితిత్తులే ఉత్పత్తి చేయును. పుట్టగానే అది తొలగి గాలికి చోటీయవలెను. ఆలస్యమైనచో శిశువు నిమిషమునకు 60 మారులకంటె హెచ్చుగా రొప్పును. డొక్క లెగురవేయుచు మూలుగును.

ఇట్టి 8 మంది శిశువులను గూర్చి 1966లో అమెరికాలో మేరీ ఎలెన్ ఏవరీయు, ఆమె సహచరులును ఒక చిన్న వ్యాసము ప్రకటించిరి. నెలలు నిండని శిశువుల ఊపిరితిత్తులలో తలతన్యతను తగ్గించు పదార్థము కొరతపడునని 1959లో జెరె మీడ్‌తో కలసి చూపిన విదుషి ఈమెయే. ఈ 8 మంది బాధ వేరనియు, ద్రవము మెల్లగా ఇంకుటయే దీనికి కారణము కావచ్చుననియు వ్యాసము చెప్పినది.

ఈ వ్యాసమునకు గల మొదటి గుణము మితభాషణము. కొలదిమందిని చూచి సిద్ధాంతము చేయక, రచయితలు శీర్షికలోనే ‘కావచ్చు’నను అర్థము నుంచిరి. అయితే ద్రవము ఏ శక్తిచే ఇంకునను ప్రశ్న మిగిలిపోయినది.

ప్రసవమార్గములో రొమ్ము నొక్కబడుటచే ద్రవము వెలికిపోవునని చాలకాలము బోధించిరి. ఈ వివరణ మాత్రమే చాలదు. పురిటినొప్పుల వేళ శిశువు రక్తములో అడ్రినలిన్ పెరుగును. దాని ప్రేరణచే వాయుకోశముల గోడలలోని కణములు సోడియమును పీల్చుకొనును. సోడియము వెంట నీరును పోవును. ఈ సోడియము ద్వారము లోపించిన ఎలుకపిల్లలు పుట్టిన 40 గంటలలోపుగా మరణించుటను 1996లో పరిశోధకులు ప్రకటించిరి. ఏవరీ ఊహకు ఇట్లు బలము చేకూరినది.

కనుకనే నొప్పులు రాకముందు, ముఖ్యముగా 39 వారములు నిండకముందు, సిజేరియన్ చేసినచో ఈ బాధ హెచ్చు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో సిజేరియన్ కాన్పులు తెలంగాణలో నూటికి 60.7, ఆంధ్రప్రదేశ్‌లో 42.4. వైద్యకారణము లేక ముహూర్తము కొరకు కాన్పును ముందుకు జరుపువారు ఈ సంగతి నెరుగవలెను.

ఇక ‘తాత్కాలికము’ అను పేరును గూర్చి ఒక ఆక్షేపణ. పేరు ఫలితమును ముందే చెప్పుచున్నది. వైద్యుడు మాత్రము శిశువు కోలుకొన్న పిదపనే ఆ పేరును నిశ్చయింపగలడు. పెక్కుమంది శిశువులు రెండు మూడు దినములలో కోలుకొనుట నిజమే. కాని తొలిగంటలలో ఊపిరితిత్తుల వాపు, రక్తమునకు సోకిన అంటు కూడ ఇట్లే కనిపించును. కనుక రొప్పుచున్న పసికందును, అదే తగ్గునని ఇంట నుంచరాదు.

ఉపాధ్యాయులు ఈ పాఠమును బోధించునపుడు ‘కావచ్చు’ననుటకును ‘అగు’ననుటకును మధ్య ముప్పదియేండ్ల పరిశోధన యున్నదని విద్యార్థులకు చెప్పుదురుగాక.