చుక్కల లెక్క చెప్పే పుస్తకం

ధనుర్మాసం వస్తే బజారుల్లో, బస్టాండు కొట్లలో పలచని ముగ్గుల పుస్తకాలు దిగుతాయి. చేతిపని నేర్పే పుస్తకాల్లో నాకు వీటి మీదే ఎక్కువ మక్కువ. మాలతీ చందూర్ ‘వంటలు-పిండివంటలు’ వంటింటి అల్మరాలో ఉంటుంది. ముగ్గుల పుస్తకమేమో వాకిట్లోనే, పిండి అంటిన వేళ్లతో తిప్పుకునేది.

దాని గొప్పతనమంతా బొమ్మ కింది ఒక్క వరుసలో ఉంది: 15 చుక్కలు, సందు చుక్క, 8 వచ్చేవరకు. నడిమి వరుసలో 15 చుక్కలు పెట్టి, అటూ ఇటూ ఒక్కొక్కటి తగ్గిస్తూ, ప్రతి చుక్కా పక్క వరుసలోని రెండు చుక్కల సందుకి ఎదురుగా వచ్చేలా 8 దాకా వెళ్లాలి. 169 చుక్కలతో ఆరు పలకల గడి సిద్ధం. ఎదురు చుక్క అయితే చుక్కకి ఎదురుగా చుక్కే. రెండేసి తగ్గుతూ 15 నుంచి 1 దాకా, మొత్తం 113. చుక్కకీ చుక్కకీ ఎంత ఎడమో పుస్తకం చెప్పదు. అందుకే అదే ముగ్గు అపార్ట్‌మెంటు గుమ్మం ముందూ ఇముడుతుంది, పల్లెటూరి వీధి వెడల్పునా పరుచుకుంటుంది. ఇంత పొదుపుగా, ఇంత కచ్చితంగా పని నేర్పిన ఆ పేరు తెలియని చేతులకు నమస్కారం.

మెలికల ముగ్గు కష్టం. గీత చుక్కని తాకకుండా చుట్టి రావాలి, ఒక్క మలుపు తప్పినా మిగతాది కుదరదు. కొనేటప్పుడు రంగులు నింపిన బొమ్మలకన్నా, గీతల మధ్య చుక్కలు స్పష్టంగా కనిపించే పుస్తకమే తీసుకోండి.